చప్పుడు చేసే డబ్బా మీద అంత మోజెందుకు?

ఫిలిం రోజుల నాటి కెమెరామన్ ఎవరినైనా మాటల్లో పెట్టి, "మీకు బాగా ఇష్టమైన కెమెరా ఏది?" అని అడిగి చూడండి. లైటింగు గురించి అడిగితే ఆచితూచి మాట్లాడే మనిషి కూడా ఈ ప్రశ్నకు మెత్తబడతాడు. ఎక్కువసార్లు వినిపించే పేరు ఆరీ టూసీ, అంటే ఆరీ కంపెనీ వాళ్ళ ఆరిఫ్లెక్స్ 2సీ. పేరు చెప్పి ఊరుకోరు. కుడిచెయ్యి తనంతట తానే పిడికిలి బిగించి లేని మోటారును పట్టుకుంటుంది, ఒక కన్ను సగం మూసుకుంటుంది.

నిజానికి ఆ కెమెరాలో లోపాలకు కొదవ లేదు. నడిస్తే ఒకటే గోల. బొమ్మ పడే క్షణంలో ఫిలింను బిగించి పట్టే ప్రత్యేకమైన పిన్ను లేదు. పెద్ద మ్యాగజైను, అంటే ఫిలిం చుట్ట ఉండే పెట్టె, తగిలిస్తే తల బరువెక్కి తూలుతుంది. దానికన్నా నిశ్శబ్దమైనవి, స్థిరమైనవి, ఖరీదైనవి అదే కాలంలో ఉన్నాయి. వాటి గురించి చెప్పేటప్పుడు గొంతులో గౌరవం వినిపిస్తుంది కానీ ఈ మురిపెం వినిపించదు.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫిలిం కాలంలో బొమ్మ అందచందాల్లో కెమెరా వాటా చాలా స్వల్పం. రంగులు ఫిలింవి, పదును లెన్సుది, వెలుగునీడలు కెమెరామన్‌వి, చివర్లో ల్యాబు చేతివాటం. ఒకే రోలును రెండు ముక్కలు చేసి, రెండు మంచి కెమెరాల్లో ఎక్కించి, ఒకే లెన్సుతో ఒకే సీను తీస్తే, తెరమీద చూసి ఏది ఏ కెమెరాదో చెప్పడం చేయి తిరిగినవాళ్ళకూ కష్టమే. మరి మోజు దేనిమీద? నాకు తోచినంతవరకు అది బొమ్మ మీద కాదు. బొమ్మ తీస్తున్నంతసేపూ ఆ యంత్రం కెమెరామన్ కంటితో, చెవితో, భుజంతో ఎలా మెలిగిందన్నదాని మీద. అది అర్థం కావాలంటే డబ్బా మూత కాస్త తెరవాలి.

దర్జీ దుకాణంలో కుట్టుమిషను చూసే ఉంటారు. సూది గుడ్డలో దిగి ఉన్నంతసేపూ గుడ్డ కదలదు. సూది పైకి లేవగానే కింద ఉన్న పళ్ళు గుడ్డను ఒక్క కుట్టంత జరుపుతాయి. మళ్ళీ సూది దిగుతుంది. సినిమా కెమెరా లోపల జరిగేదీ ఇదే. ఒక కొక్కెం ఫిలిం అంచున ఉన్న రంధ్రంలో దిగి, ఒక ఫ్రేమంత కిందికి లాగి, బయటికి వస్తుంది. ఫిలిం ఆగుతుంది, వెలుగు పడుతుంది, మళ్ళీ కొక్కెం. సెకనుకు 24 సార్లు. ఈ పోలిక నేను తెచ్చిపెట్టింది కాదు. లూయీ ల్యూమియేర్‌కు 1890ల నడుమ ఈ ఉపాయం తట్టింది కుట్టుమిషను తీరును చూసే. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కఫేలో ఆయన పెట్టె బొమ్మలు చూపించింది. 1896 జులై 7న అవే బొమ్మలు బొంబాయి వాట్సన్ హోటలుకు వచ్చాయి. ఆ పెట్టే కెమెరా, అదే ప్రింటు వేసే యంత్రం, వెనక దీపం పెడితే అదే ప్రొజెక్టరు. 

అంటే సెకనుకు 24 సార్లు ఆగి కదిలే ఒక పట్టీ. ఆగిన ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట ఆగాలి. "సరిగ్గా" అంటే ఎంత? ఫిలిం మీద బొమ్మ వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. దాన్ని 12 మీటర్ల తెరమీదికి పెంచితే 500 రెట్లకు పైమాటే. మిల్లీమీటరులో నూరోవంతు జరిగితే తెరమీద అర సెంటీమీటరు ఊగుతుంది. ప్రేక్షకుడు కారణం చెప్పలేడు కానీ కళ్ళు మాత్రం లాగుతాయి. అందుకే 1912 ప్రాంతంలో బెల్ అండ్ హోవెల్ వాళ్ళ 2709 కెమెరా, 1920 నుంచి మిచెల్ కెమెరా పిన్నుల పద్ధతి తెచ్చాయి. ఫిలిం ఆగగానే రంధ్రాల్లో కచ్చితమైన కొలతతో తయారైన పిన్నులు కూర్చుంటాయి, వెలుగు పడేదాకా ఫిలిం ఇసుమంతైనా జరగదు.

ఈ పిన్నుల విలువ మన పాత సినిమాలు చూసినవాళ్ళకు తెలియకుండానే తెలుసు. ద్విపాత్రాభినయం ఎలా తీసేవారు? లెన్సు ముందు నల్ల అట్టతో ఫ్రేములో సగం మూసి, ఎడమ పక్క అన్నయ్యను తీస్తారు. ఫిలింను వెలుతురు తగలకుండా వెనక్కి చుడతారు. ఈసారి రెండో సగం మూసి, అదే నటుడు వేషం మార్చుకుని వచ్చి, కుడి పక్క తమ్ముడిగా నిలబడతాడు. మొదటిసారి తాను ఎక్కడ చూస్తూ, ఎంతసేపు ఆగి మాట్లాడాడో గుర్తుపెట్టుకుని ఖాళీ గాలికి జవాబు చెబుతాడు. రెండుసార్లు నడిచిన ఫిలిం ప్రతి ఫ్రేములోనూ అణువంత తేడా లేకుండా ఒకే చోట ఆగకపోతే ఏమవుతుంది? అన్నదమ్ములిద్దరూ ఒకే గదిలో వేరువేరు పడవల మీద నిలబడినట్టు ఊగుతారు. నడుమ గీత పడుతుంది. స్తంభమో, తలుపు దారబందమో సరిగ్గా ఫ్రేము మధ్యలోకి వచ్చే సెట్టు ఎందుకు వేసేవారో ఇప్పుడు పోల్చుకోవచ్చు. 1961లో వచ్చిన 'సీతారామ కళ్యాణం'తో ట్రిక్ ఫోటోగ్రఫీకి పెట్టింది పేరైన రవికాంత్ నగాయిచ్ వంటివారి విద్యకు ఇలాంటి యంత్రాల స్థిరత్వమే పునాది. ఈనాటి గ్రాఫిక్స్ పని మొత్తం ఆనాడు చీకటి పెట్టెలోనే జరిగిపోయేది. తప్పు జరిగితే సరిదిద్దే దారి లేదు, మళ్ళీ మొదటి నుంచి తీయాలి.

ఇంత గొప్ప మిచెల్ మీద ప్రేమ కన్నా గౌరవమే ఎందుకు ఎక్కువ? ఒక కారణం బరువు. చప్పుడు బయటికి రాకుండా కవచం తొడిగిన బీఎన్‌సీ మోడలు ఒక్క మనిషి మోసే వస్తువు కాదు. హాలీవుడ్ కెమెరామన్ గ్రెగ్ టోలండ్ 'సిటిజన్ కేన్' (1941) తీసింది దానితోనే. అసలు కారణం మాత్రం వేరే. షాట్ నడుస్తుండగా లెన్సులోంచి చూసే వీలు అందులో లేదు. రిహార్సల్ అప్పుడు కెమెరా ఒళ్ళంతా పక్కకు జరిపి, ఫిలిం ఉండాల్సిన చోటికి చూసే గాజును తెచ్చి, ఫ్రేము, ఫోకసు సరిచూసుకుంటారు. తరవాత ఒళ్ళు యథాస్థానానికి జరిపి "స్టార్ట్" అంటారు. అక్కడి నుంచి పక్కన తగిలించిన వేరే వ్యూఫైండరే గతి. అది లెన్సుకు కొన్ని అంగుళాల దూరంలో ఉంటుంది కాబట్టి దానికి కనిపించేది కొంచెం వేరు. దూరపు షాట్‌కు ఫరవాలేదు. ముఖం దగ్గరికి వెళ్ళినకొద్దీ తేడా పెరుగుతుంది. ఫోకసు తప్పిందో లేదో రష్, అంటే ల్యాబు నుంచి వచ్చిన ప్రింటు, చూసేదాకా తెలియదు. వరుడి ముఖం చూడకుండా తెర అవతల నుంచి జీలకర్ర బెల్లం పెట్టడమే.

ఫ్రెంచి వాళ్ళ డెబ్రీ పార్వోలో దీనికి ఒక చమత్కారమైన దారి ఉండేది. నడుస్తున్న ఫిలిం వెనక నుంచే చూడవచ్చు. పల్చటి ఫిలిం మీద పడిన బొమ్మ వెనకవైపుకు మసగ్గా కనిపిస్తుంది. తరవాతి కాలంలో ఫిలిం వెనక నల్లటి పూత రావడంతో ఆ కిటికీ మూసుకుపోయింది.

1937లో లైప్‌జిగ్ సంతలో మ్యూనిక్ కంపెనీ ఆర్నల్డ్ అండ్ రిక్టర్, అంటే ఆరీ, పెట్టిన ఆరిఫ్లెక్స్ 35 ఈ ముడిని విప్పింది. మన టూసీ దాని సంతతిదే. ఉపాయం ఎరిక్ కేస్ట్నర్ అనే ఇంజనీరుది. ఇదే పేరుతో పిల్లల పుస్తకాలు రాసిన జర్మన్ రచయిత ఒకాయన ఉన్నాడు, ఆయన వేరు. ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఫిలిం జరుగుతున్నప్పుడు వెలుగు పడకుండా అడ్డుకోవడానికి ప్రతి కెమెరాలోనూ అర్ధచంద్రాకారపు రేకు ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాని పేరు షట్టరు. అడ్డుకున్న వెలుగు ఊరికే పోతోంది కదా, ఆ రేకునే అద్దంగా చేసి 45 డిగ్రీల వాలులో పెడితే? ఫిలింకు అక్కర్లేని వెలుగు పక్కకు తిరిగి కెమెరామన్ కంటికి చేరుతుంది. వేరే వ్యూఫైండర్ అక్కర్లేదు, తేడా లేదు, జరపడం లేదు. ఏ లెన్సు ఏం చూస్తే కన్నూ అదే చూస్తుంది, షాట్ నడుస్తుండగానే.

ఇందులో నన్ను ఎప్పటికీ వదలని విచిత్రం ఒకటి ఉంది. అద్దం కంటికి బొమ్మ ఇస్తున్నప్పుడు ఫిలిం చీకట్లో ఉంటుంది. అద్దం తప్పుకుని ఫిలింకు వెలుగు చేరినప్పుడు కన్ను చీకట్లో ఉంటుంది. 24 ఫ్రేముల వేగంలో ఒక్కొక్కరి వంతు సుమారు 48వ వంతు సెకను. అంటే కెమెరామన్ చూసిన ఏ ఒక్క క్షణమూ ఫిలిం మీద లేదు. ఫిలిం మీద ఉన్న ఏ ఒక్క క్షణమూ అతను చూడలేదు. ఇది వేదాంతం కాదు, రోజువారీ పనిలో ఎదురయ్యే లెక్క. తుపాకీ పేలే సీనులో కాలినప్పటి మెరుపు వ్యూఫైండర్లో ధగధగా కనిపించిందంటే ఇంకో టేకు తీయడం మంచిది, ఎందుకంటే ఆ మెరుపు ఫిలిం మీద పడి ఉండకపోవచ్చు. ఏమీ కనిపించలేదంటే దొరికినట్టే. డిజిటల్ వచ్చాక ఈ బాధ పోయింది. ఈ తమాషా కూడా పోయింది.

ఈ రెపరెపలాడే బొమ్మకు కన్ను ఎంత అలవాటు పడుతుందంటే, అది ఉంటేనే కెమెరా బతికి ఉన్నట్టు అనిపిస్తుందట. లోపల ఏదో తేడా జరిగితే చెవి కన్నా ముందు కన్నే పసిగడుతుంది.

అద్దం షట్టరు కెమెరామన్‌కు ఇచ్చింది చూపు ఒక్కటే కాదు, ధైర్యం. ఫ్రేము ఏమిటో నడుస్తుండగానే తెలుస్తుంది కాబట్టి కెమెరాను స్టాండు నుంచి దింపి చేత్తో పట్టుకోవచ్చు. నటుడు చెప్పిన చోట ఆగకపోయినా వెంట వెళ్ళవచ్చు. యుద్ధంలో చేజిక్కిన ఆరీలు అమెరికా చేరాక, 1947 నాటి హాలీవుడ్ చిత్రం 'డార్క్ ప్యాసేజ్'లో కథానాయకుడి కళ్ళతో చూసినట్టుండే షాట్లకు వాటినే వాడారు. మన దేశంలో సత్యజిత్ రాయ్ 'చారులత' (1964) నాటి నుంచి తన సినిమాల కెమెరాను తానే నడిపారు. దర్శకుడికి, ఫ్రేముకు మధ్య మనిషి అక్కర్లేదన్న ఆలోచన రావాలంటే ముందు షాట్‌ను చూడగలిగే కెమెరా ఉండాలి కదా.

కొన్నేళ్ళ క్రితం హైదరాబాదులో కెమెరాలు అద్దెకిచ్చే ఒక చోట, వాడకం మానేసిన టూసీ ఒకటి బీరువాలో కనిపిస్తే చూపించమని అడిగాను. అక్కడ పనిచేసే పెద్దాయన, అవుట్‌డోర్ యూనిట్లతో ఊళ్ళన్నీ తిరిగినవాడు, కిందికి దించి బల్లమీద పెట్టాడు. అరచేతి వెడల్పున్న బూడిదరంగు ఒళ్ళు. ముందువైపు మూడు లెన్సులు పట్టే పలక, చేత్తో తిప్పితే టక్కున లెన్సు మారుతుంది. కింద నిలువుగా వేలాడే మోటారు, అదే పిడి. పైన రెండు చెవుల్లాంటి మ్యాగజైను. వెనక చిన్న గడియారం లాంటిది, వేగం 24 దగ్గర ఉందో లేదో చూసుకోవడానికి. అంతే. "ఇందులో చెడిపోవడానికి ఏముంది సార్?" అన్నాడాయన. మ్యాగజైను విప్పి, ఫిలిం లేకుండానే, వేలితో గాలిలో లూపు, అంటే ఫిలిం ఆగి కదలడానికి వదిలే వదులు, ఎలా వదలాలో చూపించాడు. లూపు చిన్నదైతే ఫిలిం తెగుతుంది, పెద్దదైతే డబ్బా గోడకు రాసుకుంటుంది. ఎన్ని రంధ్రాల లూపు అని అడిగితే ఆయన అంకె చెప్పలేదు. రెండు వేళ్ళ మధ్య ఖాళీ చూపించాడు.

మ్యాగజైను 400 అడుగులది అయితే నాలుగున్నర నిమిషాలకు అటూఇటూగా అయిపోతుంది. నిమిషానికి 90 అడుగుల లెక్క. తరవాతిది ముందే డార్క్ బ్యాగులో, అంటే వెలుతురు చొరని సంచిలో, చేతులు పెట్టి, కళ్ళతో పని లేకుండా, అసిస్టెంటు నింపి ఉంచాలి. ఆ సంచిలో చేతులు పెట్టి నేర్చుకోనిదే కెమెరా డిపార్ట్‌మెంటులో మొదటి మెట్టు ఎక్కినట్టు కాదు.

ఇక చప్పుడు సంగతి. ఈ కెమెరా కథలో తెలుగువాళ్ళకు బాగా దగ్గరైన భాగం ఇదే, ఎవరూ పెద్దగా పట్టించుకోనిదీ ఇదే. కొక్కెం, అద్దం, పళ్ళచక్రాలు అంత వేగంతో ఆగి కదులుతుంటే లోహపు డబ్బా మోగక మానదు. నటుడికి నాలుగడుగుల దూరంలో టూసీ నడుస్తుంటే మైకుకు మాటల కన్నా ముందు అదే వినిపిస్తుంది. దీనికి మందు బ్లింప్, అంటే కెమెరా మొత్తానికి తొడిగే బరువైన చప్పుడు కవచం. అది తొడిగితే టూసీలో ఉన్న సుగుణమంతా పోతుంది. అద్దెకు తెచ్చిన చిన్న కెమెరాతో పల్లెకో కొండకో వెళ్ళి, రోజుకు వీలైనన్ని షాట్లు తీయాలనుకునే నిర్మాతకు ఒకటే దారి మిగిలింది. మాట సంగతి తరవాత చూసుకుందాం.

ఆ 'తరవాత' పేరే డబ్బింగు. స్టూడియో సెట్లలో మిచెల్ ముందు నిలబడి మాట్లాడిన తరం పోయి, అవుట్‌డోరుకు వెళ్ళిన తరం వచ్చేసరికి, మన నటులు తమ మాటలను తామే చీకటి గదిలో మళ్ళీ చెప్పుకోవడం మామూలైపోయింది. షూటింగులో పట్టిన మాట కేవలం ఆనవాలు. దాన్ని పైలట్ ట్రాక్ అంటారు. నేను డబ్బింగుకు మొత్తం కారణం కెమెరానే అనను. ఒకే సినిమాను రెండు మూడు భాషల్లో తీయడం, తెలుగు రాని కథానాయికలు, రోడ్డు మీద హారన్లు, సెట్టు బయట జనం, ఇవన్నీ కలిశాయి. కానీ ఎలాగూ చప్పుడు చేసే కెమెరాయే కదా అన్న నిశ్చింత లేకపోతే, షాట్ నడుస్తుండగా దర్శకుడు పక్కనుంచి "తల తిప్పు, ఇటు చూడు" అని అరిచే అలవాటు ఇంతగా పాతుకుపోయేదా? డబ్బింగు కళాకారుల వృత్తి ఇంత పెద్దదయ్యేదా? ఒక తరం పాటు మనం తెరమీద ఒకరి పెదవులు చూస్తూ ఇంకొకరి గొంతు విన్నామంటే అందులో ఒక మోటారు చప్పుడుకూ వాటా ఉంది.

ఇది మన ఒక్కరి సంగతే అనుకోవద్దు. పారిస్‌లో కెమెరామన్ రౌల్ కుటార్ 1960 నాటి 'బ్రెత్‌లెస్' తీసింది ఎక్లేర్ కామెఫ్లెక్స్‌తో. అదీ చేతిలో ఇమిడే కెమెరాయే, అదీ గోలే. ఫోటో కెమెరాల కోసం తయారైన ఫిలిం ముక్కలను అతికించి అందులో ఎక్కించాడు. మాటలు తరవాత కలిపారు. నటులకు సంభాషణ షాట్ మధ్యలోనే దర్శకుడు గొడార్ అందించేవాడు. ప్రపంచం దాన్ని కొత్త తరంగం అంది. మన దగ్గర అదే పనిని సర్దుకుపోవడం అన్నారు.

చప్పుడుతో అసలు ఇబ్బందే లేని చోటు ఒకటుంది, పాట. స్పీకర్లో పాట మోగుతుంటే కెమెరా ఎంత అరిచినా ఎవరికి కావాలి? ఎత్తు మీది నుంచి, నీళ్ళలోంచి, జీపు బానెట్ మీది నుంచి, చేతిలో పట్టుకుని పరుగెత్తుతూ టూసీ తీయని పాట లేదు. చిక్కల్లా వేగంతోనే. సాధారణ మోటారు బ్యాటరీ తగ్గినకొద్దీ మందగిస్తుంది, తెరమీద పెదవులు పాటకన్నా ముందుకు పరుగెత్తుతాయి. అందుకే వెనకున్న ఆ చిన్న ముల్లు మీద ఒక కన్ను ఉండేది. తరవాత స్థిరమైన వేగంతో నడిచే మోటార్లు వచ్చి ఆ దిగులు తీర్చాయి.

నిశ్శబ్దంగా ఉంటూ భుజం మీద కూర్చునే 35 ఎంఎం కెమెరాల కాలం 1972లో మొదలైంది. ఆ ఏడు మ్యూనిక్ నుంచి ఆరీ 35 బీఎల్, అమెరికా నుంచి పనావిజన్ వాళ్ళ పనాఫ్లెక్స్ వచ్చాయి. పనావిజన్‌ది విచిత్రమైన వ్యాపారం. కెమెరా అమ్మరు, అద్దెకే ఇస్తారు. ఎంత పెద్ద ఛాయాగ్రాహకుడైనా పనాఫ్లెక్స్ నా సొంతం అనలేడు. ఇది వింటే మనవాళ్ళకు ఆశ్చర్యం కలగదు, ఎందుకంటే మన కెమెరామన్లలో చాలామందికి కెమెరా అంటేనే అవుట్‌డోర్ యూనిట్ వ్యానులో పొద్దున వచ్చి రాత్రికి వెళ్ళిపోయేది. సొంతం కాని వస్తువు మీద ఇంత ప్రేమ ఏమిటని అడగవచ్చు. అద్దె ఇంటి మీద మమకారం ఉండదా?

పరికరం నోరు మూసుకున్నంత మాత్రాన అలవాటు మారదు. నిశ్శబ్దమైన కెమెరాలు వచ్చి మూడు దశాబ్దాలు గడిచాక కూడా, 2001లో హిందీ 'లగాన్' షూటింగులోనే మాటలు రికార్డు చేస్తే అది వార్త అయింది.

చిన్న కెమెరాల ముచ్చట కొంచెం. స్విట్జర్లాండులో పాయార్ కంపెనీ 1935లో తెచ్చిన బోలెక్స్ హెచ్16కు బ్యాటరీ అక్కర్లేదు. గడియారానికి ఇచ్చినట్టు తాళం ఇవ్వాలి. ఆ కంపెనీ మొదట సంగీతపు పెట్టెలు, గ్రామఫోన్లు చేసినదే, స్ప్రింగులతో దానికి పాత చుట్టరికం. నిండా తాళం ఇస్తే సుమారు 28 సెకన్లు నడిచి ఆగిపోతుంది. 16 ఎంఎం 100 అడుగుల రోలు మూడు నిమిషాలకు తక్కువే. అంటే షాట్ ఎంతసేపుండాలో స్ప్రింగు చెబుతుంది. దీన్ని లోపం అనేవాళ్ళు ఉన్నారు. ప్రపంచమంతటా ఫిలిం స్కూళ్ళు మాత్రం కొత్తవాళ్ళ చేతికి దాన్నే ఇచ్చాయి. 28 సెకన్లలో చెప్పలేనిది ఏముందో ముందు ఆలోచించుకోమని కాబోలు. పైగా ఫిలింను వెనక్కి చుట్టే వీలు అందులో ఉంది, మన ద్విపాత్రాభినయం చిటికెలో చేసుకోవచ్చు.

గ్రెనోబుల్‌లో ఆటాన్ కంపెనీ పెట్టిన జాన్-పియేర్ బొవియాలాది ఇంకో దారి. కెమెరా భుజం మీద పిల్లిలా కూర్చోవాలన్నాడు. పిల్లి అన్న మాటలో అంతా ఉంది. బరువు ఎంతన్నది కాదు, అది ఒంటికి ఎలా ఒదిగిందన్నది. చంకనెత్తుకున్న బిడ్డ బరువును తల్లి కిలోల్లో చెప్పదు. ముందుకు తూగని, వెనక్కి లాగని, చెవి పక్కన గురక కూడా పెట్టని ఆ 16 ఎంఎం కెమెరాలతో డాక్యుమెంటరీ వాళ్ళు గంటల తరబడి మనుషుల వెంట తిరిగారు. ఎదుటివాళ్ళు కెమెరా ఉందన్న సంగతే మరిచిపోయేవారు. చూసేవాడికి కూడా అది కనిపించే తేడానే. కెమెరా బొమ్మకు పెద్దగా ఏమీ చేయదని పైన అన్నాను. ఎదుట ఉన్న మనిషికి మాత్రం చాలా చేస్తుంది.

1990ల నడుమ వచ్చిన ఆరీ 435 గురించి పొడవుగా చెప్పనక్కర్లేదు. టూసీకి అది మనవడు. గోల అలాగే ఉంది, కానీ పిన్నులు వచ్చాయి, సెకనుకు 150 ఫ్రేముల దాకా పరుగెత్తుతుంది, షాట్ మధ్యలోనే వేగం మారుస్తుంది. ఫైటులో గాల్లోకి లేచిన మనిషి సగం దారిలో నెమ్మదించి మళ్ళీ దబ్బున పడే షాట్లను అది మంచినీళ్ళు తాగినంత సులువు చేసింది. ఆ సులువే తరవాత కొంత విసుగు కూడా తెప్పించిందన్నది నా అభిప్రాయం.

2007లో రెడ్ వన్, 2010లో ఆరీ అలెక్సా వచ్చాక లెక్క తలకిందులైంది. ఇప్పుడు ఫిలిం కెమెరాలోనే ఉంది, దాని పేరు సెన్సరు. రంగు, వెలుగును భరించే శక్తి, నీడల్లో మిగిలే వివరం, అన్నీ కెమెరాతోనే వస్తాయి. మొట్టమొదటిసారి "ఏ కెమెరా?" అన్న ప్రశ్న "ఏ బొమ్మ?" అన్న ప్రశ్న అయింది. రెడ్ వన్ 17,500 డాలర్లకే 4కే, అంటే అడ్డంగా సుమారు నాలుగు వేల చుక్కల బొమ్మ, ఇచ్చి సంచలనం చేసింది. మొదటి అలెక్సా లెక్కల్లో దానికన్నా తక్కువ, 2.8కే. అయినా ఛాయాగ్రాహకులు ఎక్కువగా అలెక్సా వైపే మొగ్గారు. ఎందుకు? కిటికీ పక్కన నిలబడిన మనిషిని ఊహించండి. బయట మండే ఎండ, లోపల ముఖం మీద నీడ. తొలినాళ్ళ డిజిటల్ కెమెరాల్లో కిటికీ తెల్లటి కాగితం ముక్కలా తెగిపోయేది. అలెక్సా 14 స్టాపుల వెలుగును పట్టగలదు. ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు, కాబట్టి 14 స్టాపులంటే అత్యంత చీకటికీ అత్యంత వెలుగుకూ మధ్య 16 వేల రెట్లకు పైగా తేడా. అంతకన్నా ముఖ్యం, వెలుగు హద్దు దాటేచోట అది కత్తితో కోసినట్టు కాక ఫిలింలాగే మెల్లగా కరిగిపోతుంది. చర్మం చర్మంలా ఉంటుంది. మెనూలో మీటలు తక్కువ. చేతికిస్తే పది నిమిషాల్లో పని మొదలుపెట్టవచ్చు. టూసీ గురించి ఆ పెద్దాయన అన్న మాటే వేరే రూపంలో. 2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగాన్ని కె.కె. సెంథిల్ కుమార్ తీసింది అలెక్సా ఎక్స్‌టీతోనే. 2011 నాటికి ఆరీ, పనావిజన్, ఆటాన్ మూడూ కొత్త ఫిలిం కెమెరాల తయారీ ఆపేశాయి.

పోయింది ఏమిటంటే, వ్యూఫైండర్ మీద ఒక్కడికున్న హక్కు. ఫిలిం రోజుల్లో షాట్ ఎలా వచ్చిందో సెట్టులో ఒక్క మనిషికే తెలుసు. మొదట్లో మానిటర్లు లేవు, తరవాత వచ్చినవీ మసకే. "ఓకేనా?" అని దర్శకుడు అడిగితే అతను తల ఊపాలి, ఆ తల ఊపు మీద లక్షలు ఆధారపడి ఉండేవి. ఇప్పుడు మానిటరు ముందు పదిమంది కూర్చుంటారు, పదిమందికీ అభిప్రాయాలు ఉంటాయి. ఈ సంగతి ఆరీ వాళ్ళకూ తెలుసు. అందుకే అలెక్సా స్టూడియో అనే మోడలులో ఒక పని చేశారు. సెన్సరు ముందు అచ్చం పాత కెమెరాలో ఉన్నట్టే తిరిగే అద్దపు షట్టరు పెట్టి, గాజు వ్యూఫైండర్ తగిలించారు. డిజిటల్ కెమెరాకు దాని అవసరమే లేదు. కేవలం కంటికి నేరుగా వెలుగు చేరాలని, ఆ రెపరెప ఉండాలని. మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు కానీ మోడలు పెద్దగా నిలవలేదు. మానిటరుకు అలవాటు పడ్డ సెట్టు వెనక్కి రాలేదు.

ఆ బీరువా గదిలో పెద్దాయన చివరికి ఎక్కడినుంచో బ్యాటరీ వెతికి తెచ్చి టూసీకి తగిలించాడు. "కన్ను బాగా ఆనించండి సార్, తీయకండి" అని మీట నొక్కాడు. గదంతా ఆ చప్పుడు. ఎదురుగోడ మీద క్యాలెండరు, ఫ్యాను రెక్క, వాకిట్లో స్కూటరు, అన్నీ సన్నగా రెపరెపలాడుతూ కనిపించాయి. కన్ను తీయకూడదన్నది ఎందుకంటే, నడుస్తుండగా తీస్తే వెనక నుంచి వెలుతురు దూరి ఫిలిం ఫాగ్ అవుతుంది, అంటే మసకబారి పాడవుతుంది. లోపల ఫిలిం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా నేను నవ్వుతూ తల పక్కకు తీసిన మరుక్షణం, ఆయన అరచెయ్యి వచ్చి ఆ కన్నుగూటిని మూసేసింది.